మీ తీరిక వేళే దాని వేట వేళ

(కుట్లు, అల్లికలు, బొమ్మలు, మిద్దెతోట, సంగీతం లాంటి వ్యాపకాలు ఉన్నవాళ్ళు హనుమకొండలో ఒక ఆదివారం సాయంత్రం కలుసుకున్నప్పుడు, ఒక రిటైర్డ్ పశువైద్యుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువుంది. వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నన్ను పిలిచినప్పుడు "సార్, పిల్లుల గురించి చెప్పాలె" అన్నారు. జబ్బుల గురించా, టీకాల గురించా అని అడిగాను. "అవేం కాదు సార్, మా పిల్లి నన్ను కుట్టుకోనిస్తలేదు, దాని సంగతి చెప్పండి" అన్నారు. నేను సర్వీసంతా పరకాల, ములుగు, భూపాలపల్లి వైపు గేదెలు, మేకలు, గొర్రెలు చూసుకుంటూ గడిపినవాణ్ణి. గేదె ఎంత మొండిదైనా కుట్టుమిషన్ మీద ఎక్కి కూర్చోదు. కాబట్టి ఇలాంటి ఫిర్యాదు నా సర్వీసులో రాలేదు. రిటైరై ఇక్కడ స్థిరపడ్డాకే, పిల్లిని సంచిలో వేసుకొచ్చి "దీనికి రోగమేం లేదు సార్, బుద్ధే లేదు" అనేవాళ్ళు మొదలయ్యారు.

ముందు ఒకటి అడుగుతాను. ఎంతమంది ఇళ్ళలో పిల్లి ఉంది? సరే, చాలానే ఉన్నాయి. వాటిని మీరు తెచ్చి పెంచుకుంటున్నారా, లేక అదే వచ్చి ఉంటోందా? చూశారా, రెండోదానికే ఎక్కువ చేతులు లేచాయి. మన దగ్గర అంతే. వాడకట్టులో తిరిగే పిల్లి ఒకరింట్లో పాలు, ఇంకొకరింట్లో చేప తల తిని, మూడో ఇంట్లో పడుకుంటుంది. ఆ మూడో ఇంటివాళ్ళు దానికి పేరు పెడతారు. ఇక అక్కడి నుంచి అది వాళ్ళ పిల్లి, వాళ్ళు దాని మనుషులు.

ఫిర్యాదులు ఎలా ఉంటాయంటే, మగ్గం వర్క్ చేసే అమ్మాయి ఫ్రేము బిగించి కూర్చోగానే పిల్లి కింది నుంచి గుడ్డను తలతో పొడుస్తుంది. క్రోషా అల్లేవాళ్ళ ఉలెన్ ఉండ మంచం కింద చేరుతుంది. చెస్ ఆడేవాళ్ళ మంత్రి నేల మీద దొరుకుతాడు. మిద్దెతోట పెట్టినవాళ్ళకు కొత్తిమీర చల్లిన తొట్టిలో పొద్దున్నే గుంట కనపడుతుంది, ఆ గుంటలో ఏముంటుందో నేను చెప్పక్కర్లేదు. ఇవన్నీ చెప్పి, "ఏం చెయ్యాలి సార్" అంటూ ఫోన్ తీసి ఫోటోలు చూపిస్తారు. ఫ్రేము మీద పిల్లి, పుస్తకం మీద పిల్లి, హార్మోనియం మీద పిల్లి. తిడుతూనే ఫోటో తీసి, స్టేటస్ కూడా పెట్టుకుని ఉంటారు. నా అనుమానం ఏంటంటే సగం మందికి ఈ బాధ పోవాలని లేదు. ఆ సగం మంది కాసేపు ఫోన్ చూసుకోవచ్చు. మిగతా సగానికి చెబుతాను.

మీరందరూ మీ హాబీకి ఎప్పుడు కూర్చుంటారు? ఉద్యోగాలకు పోయేవాళ్ళు సాయంత్రం ఏడు, ఎనిమిది. ఇంట్లో ఉండేవాళ్ళు తెల్లవారుజామున, పిల్లలు లేవకముందు. అవునా? పగలు ఎవరికీ కుదరదు. ఇప్పుడు పిల్లి సంగతి చూడండి. అది రోజుకు 12 నుంచి 16 గంటలు పడుకునే జీవి. మీరు ఆఫీసులో ఉన్నంతసేపూ అది నిద్రపోతోంది. అది చురుగ్గా ఉండేది రెండే వేళలు, పొద్దు పొడిచే ముందు, పొద్దు గూకిన తర్వాత. ఎలుకలూ చిన్న జీవాలూ కదిలే సమయాలు అవి. మనకు కావలసిన వెలుతురులో ఆరో వంతు ఉన్నా దాని కంటికి చాలు. మీరు పగలంతా అలసిపోయి, "హమ్మయ్య, ఇప్పుడు నా టైమ్" అని ఏ గంటలో కూర్చుంటున్నారో, సరిగ్గా ఆ గంటలోనే అది నిద్ర లేచి, ఒళ్ళు విరుచుకుని, "ఏం దొరుకుతుంది" అని బయల్దేరుతోంది. మీ తీరిక వేళే దాని వేట వేళ. గొడవంతా ఇక్కడ మొదలవుతుంది. దాని బుద్ధిలో లోపం ఏమీ లేదు.

ఈ అలవాటు ఇప్పటిది కాదు. సైప్రస్ దీవిలో ఒక మనిషి సమాధి పక్కనే పిల్లిని పూడ్చిపెట్టిన గుంట బయటపడింది. దాదాపు 9,500 ఏళ్ళ నాటిదని 2004లో ప్రకటించారు. మనిషి గింజలు దాచుకోవడం మొదలుపెట్టాక ఎలుకలు వచ్చాయి, ఎలుకల కోసం పిల్లి వచ్చింది. మన ఊళ్ళల్లో వడ్ల గుమ్మి దగ్గర జరిగిందే అక్కడా జరిగింది. ఎవరూ కట్టేసి పెంచలేదు. పని చూసుకోవడానికి వచ్చి ఉండిపోయింది. ఆ పని వేళలు మాత్రం మారలేదు. మీ ఇంట్లో గుమ్మి లేదు, ఎలుక లేదు, కానీ సాయంత్రం ఏడయ్యేసరికి దాని ఒంట్లో వేటకు వేళవుతుంది. ఇంట్లో ఆ సమయంలో కదిలేది ఏముంది? మీ చేతిలో సూది, దాని వెనక దారం. అంతకంటే మంచి ఎలుక ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇంకో సంగతి. మీరు రోజంతా ఇంట్లో తిరుగుతూనే ఉంటారు. వంటింట్లోకి, బాల్కనీలోకి, గేటు దగ్గరికి. ఒక చోట గంటసేపు కదలకుండా కూర్చునేది ఒక్క హాబీ దగ్గరే. పిల్లికి వెచ్చదనం కావాలి. మనకు హాయిగా ఉండే ఫ్యాను గాలి దానికి చల్లన. 30 నుంచి 38 డిగ్రీల మధ్య వేడి ఉంటే దాని ఒంటికి సుఖం. కాబట్టి కదలని ఒడి, పక్కనే వెలిగే టేబుల్ లైటు, పని చేస్తున్న ల్యాప్‌టాప్ కనిపిస్తే అది వెతుక్కుంటూ వస్తుంది. డిసెంబరులో మీ ఒడి వదలదు. అదే మే నెలలో చూడండి, మన వరంగల్ ఎండలకు మిమ్మల్ని పట్టించుకోదు. బాత్రూమ్ ముందు షాబాద్ బండల మీద కాళ్ళు బార్లా చాపి పడుకుంటుంది. ఎండాకాలం ఫిర్యాదులు తక్కువ వస్తాయి, నేను గమనించాను.

నాకూ ఒక హాబీ ఉంది. పాత వాల్వ్ రేడియోలు బాగుచేస్తాను. వాల్వ్ సెట్టు వేడెక్కుతుందని తెలుసు కదా, మా ఇంటి పిల్లికి ఆ పైభాగమే మంచం. ఒకసారి అది స్క్రూను ఎలా పడేస్తుందో దగ్గర్నుంచి గమనించండి. ముందు వాసన చూస్తుంది. మీసాలు ముందుకు చాపుతుంది. తర్వాత ముందుకాలు ఎత్తి, గోళ్ళు బయటికి రానియ్యకుండా, మెత్తతో ఒక్కసారి తాకుతుంది. ఆగుతుంది. నా మొహం చూస్తుంది. మళ్ళీ తాకుతుంది, స్క్రూ అంగుళం జరుగుతుంది. మళ్ళీ ఆగుతుంది. మూడోసారికి స్క్రూ కింద. తల వంచి అది పడిన చోటు చూస్తుంది.

ఇదంతా కావాలని చేసే కొంటెతనం అనుకుంటాం. కొంత నిజమే, నా మొహం ఎందుకు చూసిందో ఇప్పుడే చెబుతాను. కానీ తాకడానికి వేరే కారణం ఉంది. పిల్లికి దూరపు చూపు బాగుంటుంది, దగ్గరి చూపు ఉండదు. ముక్కు ముందు ఒక అడుగు లోపల ఉన్నది దానికి మసకే. అందుకే మీసాలతో, కాలి మెత్తతో తడిమి తెలుసుకుంటుంది. ఇది బతికుందా, పారిపోతుందా, కరుస్తుందా అని. మీ పూసలు, కుందన్లు, చమ్కీలు అన్నీ దానికి ముందు ప్రశ్నలే. తడిమితే గానీ జవాబు రాదు.

ఇక మొహం చూసే సంగతి. ఇది నేను చెప్పదలుచుకున్న అసలు ముక్క, కాస్త వినండి. 1898లో అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే ఆయన పిల్లుల మీదే ఒక పరీక్ష చేశాడు. చెక్క పలకలతో పెట్టె కట్టి, ఆకలిగా ఉన్న పిల్లిని లోపల పెట్టి, బయట తిండి పెట్టాడు. లోపల ఒక తాడు ఉచ్చో, మీటో ఉంటుంది. అది కదిలితే తలుపు తెరుచుకుంటుంది. పిల్లి మొదట గోకింది, కొరికింది, అరిచింది, అన్నీ చేసింది. ఏదో ఒక క్షణాన కాలు మీటకు తగిలి తలుపు తెరుచుకుంది. మళ్ళీ లోపల పెట్టారు. మళ్ళీ అదే గోల, కానీ ఈసారి కాస్త తొందరగా. అలా పెడుతూ పోతే చివరికి పెట్టగానే మీట నొక్కి బయటికి రావడం మొదలుపెట్టింది. ఏ పని చేస్తే ఫలితం బాగుందో ఆ పని మళ్ళీ చేస్తుంది. చదువుకున్నవాళ్ళు దీన్నే ప్రభావ నియమం అంటారు.

ఇప్పుడు మీ ఇంట్లో ఆ పెట్టె ఏది? మీ పిల్లి ఇంట్లో తిరిగింది, మూలన కూర్చుంది, కిటికీలోంచి చూసింది. ఎవరూ పలకరించలేదు. మీ ముగ్గుల పుస్తకం మీదికి ఎక్కింది. ఏమైంది? "అబ్బో, వచ్చినవా తల్లీ, నువ్వేస్తవా ముగ్గు?" అని మీరు ముద్దుగా ఎత్తుకున్నారు. తలుపు తెరుచుకుంది! మర్నాడు నేరుగా పుస్తకం మీదికే వస్తుంది. మీరు తిట్టినా అంతే. తిట్టు దానికి తిట్టు కాదు, పలకరింపు. రోజంతా ఫోన్ వైపు చూసిన మనిషి ఇప్పుడు తన వైపు చూస్తున్నాడు కదా. స్క్రూ పడేసే ముందు నా మొహం చూసింది అందుకే. లేస్తాడా, లేవడా?

ఒకరోజు పట్టించుకోకుండా, ఒకరోజు ఎత్తుకుంటే ఏమవుతుంది? ఇంకా గట్టిపడుతుంది. ఎప్పుడో ఒకసారి దొరికే ఫలితం కోసం జీవాలు వదలకుండా ప్రయత్నిస్తాయి. లాటరీ టికెట్ కొనే మనుషులకు ఇది నేను చెప్పాలా? కాబట్టి మానిపించాలనుకుంటే ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. కోడలు దింపేస్తే అత్తగారు ఎత్తుకుని బిస్కెట్ పెడుతుంటే ఆ పిల్లిని బ్రహ్మదేవుడు కూడా మార్చలేడు.

నవ్వకండి. ఇప్పుడు చెప్పేది నవ్వులాట కాదు. మగ్గం వర్క్ చేసేవాళ్ళు, కుట్టుపని చేసేవాళ్ళు కాస్త ఇటు చూడండి. పిల్లి నాలుక మీద వేలు పెడితే గరగరలాడుతుంది, తెలుసు కదా. ఆ ముళ్ళన్నీ గొంతు వైపుకు వంగి ఉంటాయి. నోట్లోకి వెళ్ళిన దారాన్ని అది ఉమ్మెయ్యలేదు, మింగడమే దానికి దారి. మింగిన దారం ఒక కొస నాలుక కిందో, కడుపులోనో చిక్కుకుంటుంది. మిగతాది పేగులోకి పోతుంది. పేగు ముందుకు నెట్టాలని చూస్తుంది, కొస చిక్కుకుంది కాబట్టి దారం కదలదు. అప్పుడు లంగా నాడా లాగితే గుడ్డ కుచ్చిళ్ళు పడ్డట్టు పేగంతా దారం మీదికి ముడుచుకుంటుంది. ఇంకా లాగితే ఆ దారమే పేగును కోస్తుంది. సూదితో సహా మింగే పిల్లులూ ఉన్నాయి.

గుర్తులు ఏంటి? పదే పదే వాంతులు. తిండి ముట్టదు. చొంగ కారుతుంది, కాలితో నోరు గోక్కుంటుంది. మూలకు పోయి దాక్కుంటుంది. ఒక్కోసారి నోటి నుంచో, కింది నుంచో దారం కొస వేలాడుతూ కనిపిస్తుంది. అప్పుడు మీరు అస్సలు చెయ్యకూడని పని ఒకటుంది. లాగొద్దు. ఎంత చేతులు దురద పెట్టినా లాగొద్దు. లోపల ఎక్కడ చిక్కుకుందో మీకు తెలియదు, లాగితే పేగు తెగుతుంది. నూనె పట్టించడం, అరటిపండు పెట్టడం లాంటివీ వద్దు. అదే రోజు, వీలైతే ఆ గంటలోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. చాలాసార్లు ఆపరేషన్ తప్పదు. త్వరగా వస్తే బతుకుతుంది.

జరీ దారం, ఉలెన్ దారం, రబ్బర్ బ్యాండ్, రాఖీ దారం, అన్నీ ఈ లెక్కలోవే. సంక్రాంతికి మిద్దె మీద మిగిలిపోయే మాంజా కూడా. నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించింది, అయినా ఏటా మిద్దెల మీద దొరుకుతూనే ఉంది. పండగయ్యాక చుట్టి చెత్తలో వెయ్యండి.

మన పెద్దవాళ్ళు ఈ విషయంలో మనకంటే తెలివైనవాళ్ళు. పాలు, పెరుగు పిల్లి తాగేస్తోందని వాళ్ళు పిల్లికి బుద్ధి చెప్పలేదు. ఉట్టి కట్టారు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవు అంటాం కదా, ఆ ఉట్టి ఉన్న ఇంట్లో పిల్లి శపించింది గానీ, మనిషి పిల్లిని శపించాల్సిన అవసరం రాలేదు. మీ దారాలకు కూడా ఉట్టి కావాలి. మూత బిగుతుగా పడే స్టీలు డబ్బా చాలు. లేచి ఫోన్ ఎత్తడానికి వెళ్తున్నా సరే, సూది గుచ్చిన గుడ్డ అలా వదిలేసి వెళ్ళకండి.

బొమ్మలు వేసేవాళ్ళ సంగతి. ఈ మధ్య మన దగ్గర చేర్యాల నకాషీ బొమ్మలు సరదాకి నేర్చుకుంటున్నారు, మంచిదే. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది గానీ 2016 దాకా మన వరంగల్ జిల్లాదే. ఖద్దరు గుడ్డకు చింతగింజల గుజ్జు, తెల్ల సుద్ద, జిగురు పట్టించి ఆరబెడతారు కదా. నేల మీద పరిచి ఆరబెట్టిన గుడ్డ మీద పిల్లి నడవకుండా ఉంటుందా? తడి ఎర్ర రంగు మీద నడిచి, మీ తెల్లటి టైల్స్ మీద పూలు వేసుకుంటూ పోతుంది. బాధపడకండి, మీరు మొదటివాళ్ళు కాదు. క్రొయేషియాలో డుబ్రోవ్నిక్ అనే పట్నం ఉంది. అక్కడ 15వ శతాబ్దపు చేతిరాత పుస్తకం ఒకదాంట్లో పేజీ అడ్డంగా నల్లటి సిరాతో పిల్లి అడుగులు ఉన్నాయి. రాసేవాడు సిరా ఆరకముందే లేచి ఉంటాడు. అదే శతాబ్దంలో, సుమారు 1420లో, నెదర్లాండ్స్‌లోని ఒక లేఖకుడు పొద్దున్నే వచ్చి చూస్తే రాసుకున్న పేజీ మీద పిల్లి ఉచ్చ పోసి ఉంది. ఆయన ఆ పేజీ వదిలేసి, అక్కడే పిల్లి బొమ్మ గీసి, దాన్ని శపించి, రాత్రిపూట పుస్తకాలు తెరిచి పెట్టొద్దని తర్వాతివాళ్ళకు రాసిపెట్టాడు. మనవాళ్ళకు ఆ బాధ కాస్త తక్కువ. తాటాకు మీద గంటంతో గీసి తర్వాత మసి పూస్తారు కాబట్టి, నడిచినా అక్షరం చెరగదు.

కానీ రంగు విషయంలో ఒక జాగ్రత్త. పిల్లి కాలికి ఏది అంటుకుంటే అది కడుపులోకి పోయినట్టే, నాకి శుభ్రం చేసుకుంటుంది కాబట్టి. రంగు పలచన చేసే టర్పెంటైన్ అంటితే సబ్బుతో కడగండి, నాకనివ్వకండి. బతుకమ్మ పేర్చేటప్పుడు కూడా ఇదే. అది హాబీ కాదు, పండగ, కానీ కథ ఒకటే. ఎంగిలిపూల నాడు నేల మీద తంగేడు, బంతి, గునుగు పరుచుకుని కూర్చుంటాం. గునుగు పువ్వు కొస కదిలితే పిల్లికి ఇంకేం కావాలి? కట్ట కట్టిన గునుగును పొట్ట కింద వేసుకుని వెనక కాళ్ళతో తన్ని తన్ని పెడుతుంది. గునుగుకు అద్దే రంగులు మాత్రం చూసుకోండి, అద్దిన గిన్నెల మీద మూత పెట్టండి. ఒక వట్టి గునుగు కట్ట దానికి విడిగా పడెయ్యండి, వేయి స్తంభాల గుడికి మీరు టైముకు చేరతారు.

నాణేలు, స్టాంపులు సేకరించేవాళ్ళు పెట్టెల్లో కలరా ఉండలు వేస్తారు. తియ్యండి. నాఫ్తలిన్ పిల్లికి విషం. పిల్లులు రాకుండా ఫినాయిల్ చల్లేవాళ్ళున్నారు, అది ఇంకా తప్పు. ఫినాయిల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మనకు తలనొప్పికి వేసుకునే పారాసిటమాల్ బిళ్ళ కూడా ఇదే కారణంతో దాని ప్రాణం తీస్తుంది. బొకేల్లో వచ్చే పెద్ద బాకా ఆకారపు లిల్లీలు ఇంట్లో పెట్టకండి, వాటి పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి. మనం పూలదండల్లో కట్టే లిల్లీ ఇది కాదు, అది వేరే మొక్క.

మిద్దెతోటవాళ్ళు ఓపిగ్గా కూర్చున్నారు. మీ మట్టి మెత్తగా, పొడిగా ఉంటుంది. మూత్రమో, మలమో పోసి కప్పెట్టడానికి పిల్లికి అంతకంటే మంచి చోటు లేదు. కాబట్టి దానికి వేరే చోటు ఇవ్వండి, వెడల్పాటి పాత టబ్బులో ఇసుక పోసి నీడన పెట్టి, రోజూ తీసెయ్యండి. తొట్లలో గింజ వేసిన మట్టి మీద గులకరాళ్ళో, ఎండిన వంకాయ కట్టెలో పరచండి. తోట పనికి చేతి తొడుగులు వేసుకోండి, ముఖ్యంగా గర్భిణులు. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు. అలాగని భయపడి పిల్లిని వెళ్ళగొట్టాల్సిన పనిలేదు. అది సోకేలా తయారవడానికి కనీసం ఒక రోజు పడుతుంది, ఏ రోజుకు ఆ రోజు తీసేస్తే సరిపోతుంది. ఆ తీసే పని గర్భిణి కాకుండా ఇంకొకరు చెయ్యాలి.

ఇంకోటి చెబుతాను, మీలో కొందరికి ఇది ఉపయోగం. తొట్లలో వద్దన్నా మొలిచే కలుపు మొక్క ఉంది కదా, కుప్పింటాకు, కొందరు పిప్పింటాకు అంటారు. దాన్ని వేరుతో పీకి పడేస్తే పిల్లి ఆ వేరు మీద పడి దొర్లుతుంది, బుగ్గలు రుద్దుకుంటుంది, కాసేపు లోకం మర్చిపోతుంది. విదేశాల్లో క్యాట్‌నిప్ అని డబ్బులు పెట్టి కొంటారే, మనకు ఆ పని చేసేది కలుపు మొక్క. మీరు నాట్లు వేసుకునేటప్పుడు దానికి ఒక వేరు ఇచ్చి చూడండి.

ఇప్పుడు అసలు ఏం చెయ్యాలి? ఆరున్నరకో ఏడుకో, మీరు కూర్చోవడానికి ముందు, దానితో పది నిమిషాలు ఆడండి. కర్రకు తాడు, తాడు చివర ఈకో గుడ్డపేలికో. ఎలుక ఎలా కదులుతుందో అలా కదపండి, మొహం మీద ఆడించకండి, సోఫా వెనక్కి పారిపోనివ్వండి. దాక్కోవాలి, తరమాలి, దూకాలి, చివరికి దానికి చిక్కాలి. లేజర్ లైటు మీద నాకు ఇష్టం లేదు, అది ఎప్పటికీ చిక్కదు, పిల్లికి చిరాకే మిగులుతుంది. ఆట అయ్యాక వెంటనే తిండి పెట్టండి. వేట, తిండి, ఒళ్ళు నాక్కోవడం, నిద్ర. ప్రకృతి దానికి రాసిచ్చిన వరస ఇది. తిండి తిని ఒళ్ళు నాక్కోవడం మొదలుపెట్టిందంటే ఇక మీరు ఫ్రేము తీయొచ్చు. కర్ర మాత్రం అలమారాలో పెట్టి తాళం వెయ్యండి, దానికీ తాడు ఉంది కదా.

మీ బల్ల ఎత్తులోనే, పక్కన, ఒక అట్టపెట్టె పెట్టండి. ఫ్యాను పెట్టె గానీ, బూట్ల పెట్టె గానీ, అడుగున మీ పాత చీర ముక్క వేసి. నెదర్లాండ్స్‌లో ఒక ఆశ్రయంలోకి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నింటికి పెట్టెలిచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా చూశారు. పెట్టె ఉన్నవాటికి టెన్షన్ తొందరగా తగ్గింది. అది ఆ పెట్టెలో కూర్చున్నప్పుడు పలకరించండి. "బంగారు తల్లి" అనండి, గింజంత తిండి పెట్టండి. బల్ల మీదికి వస్తే మాట లేకుండా, కళ్ళు కలపకుండా, ఎత్తి కింద దింపండి. నీళ్ళు చల్లడం, కొట్టడం వద్దు. కొడితే అది బల్లకు భయపడదు, మీకు భయపడుతుంది.

సరే, ప్రశ్నలు అడగండి.

అమ్మా, మీ బాబు తబలా సాధన చేస్తుంటే వచ్చి ఆ గుండ్రటి మెత్త మీద కూర్చుంటుందా? ఆ మెత్త దాని కొలతకు సరిగ్గా కుట్టినట్టు ఉంటుంది మరి. అలాంటిదే పాత గుడ్డలతో ఇంకోటి చుట్టి గది అవతల పెట్టండి. తబలా చర్మం మీద గోళ్ళు పడకుండా, వాయించనప్పుడు కవరు వేసి ఉంచమనండి.

పిలిస్తే రాదు, పేరు తెలియదా అంటున్నారు. తెలుసండీ. 2019లో జపాన్‌వాళ్ళు పరీక్షించారు. వరసగా వేరే మాటలు వినిపించి చివర్లో దాని పేరు పలికితే చెవులు తిప్పాయి, తల కదిపాయి. పేరు తెలుసు, రావడం రాకపోవడం దాని ఇష్టం.

ఆ చివరి ప్రశ్న ఎవరిది? ఇంకో పిల్లిని తెస్తే రెండూ ఒకదానితో ఒకటి ఆడుకుని మిమ్మల్ని వదిలేస్తాయా? బాబూ, పెద్ద పిల్లి ఉన్న ఇంట్లోకి ఇంకో పెద్ద పిల్లిని తెస్తే ముందు నెల రోజులు అవి కొట్టుకోకుండా చూడటమే మీ హాబీ అవుతుంది. వేరే గదిలో పెట్టి, తలుపు సందులోంచి వాసన అలవాటు చేసి, మెల్లగా కలపాలి. కలిశాక కూడా బల్ల మీద ఒకటి బదులు రెండు కూర్చోవచ్చు. అసలే పిల్లి లేని ఇల్లయితే ఒకే ఈతలో పుట్టిన రెండింటిని కలిపి తెచ్చుకోండి, అది మంచి పద్ధతి. రేబిస్ టీకా వేయించండి. నాలుగైదు నెలలకే రెండింటికీ ఆపరేషన్ చేయించండి, మగదానికి కూడా, లేకపోతే అది మీ పుస్తకాల అలమారా మీద ఉచ్చ చల్లి హద్దులు గీస్తుంది. ఆడదానికి చేయించకపోతే వచ్చే ఏడాది ఈ మీటింగ్‌కు మీరు బుట్టలో పిల్లి పిల్లల్ని వేసుకుని, ఎవరికి అంటగడదామా అని వస్తారు. ఇప్పుడే చెబుతున్నా, నేను తీసుకోను.